పిండి డబ్బా వెనక

మా వదిన దేన్నీ ఒక్కటే ఉంచదు. ఇంటి తాళాలు రెండు, కళ్లజోళ్లు రెండు, గొడుగులు రెండు. దువ్వెన విరిగిందంటే ఇంకో దువ్వెన ఎక్కణ్నుంచో ప్రత్యక్షమవుతుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఇది చూసి నవ్వేదాన్ని. "వదినా, మొగుణ్ని కూడా ఎక్కడైనా ఇంకొకణ్ని దాచి ఉంచావా?" అని అడిగాను ఒకసారి. "మొదటివాడే దొరకలేదే పిల్లా, ఇంకొకడు కూడానా?" అంది ఆవిడ బట్టలు ఆరేస్తూ.

వదిన అంటే మా ఆయనకి అక్క. పెళ్లి చేసుకోలేదు. సరుకు రవాణా గోడౌన్‌లో కంప్యూటర్ పని ఆవిడది. బిల్లులు కొట్టాలి, ఏ లారీకి ఏ మూటలు ఎక్కాయో కంప్యూటర్‌లో రాయాలి, కెమెరాలు ఆగిపోకుండా చూసుకోవాలి. అదే గోడౌన్‌లో మా ఆయన హమాలీలకి మేస్త్రి. ఉద్యోగం ఇప్పించింది కూడా వదినే. ఆవిడ చేసిపెట్టనిది ఆయన బతుకులో ఏదీ లేదు, నన్ను చూసి పెళ్లి కుదిర్చింది కూడా ఆవిడే. ఆ ఒక్క విషయంలో ఆవిణ్ని ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు నేను.

ఈ దాచుకునే బుద్ధి ఎక్కణ్నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. మా మామగారు నా పెళ్లికి ముందే పోయాడు. ఆయన్ని చూడకపోవడం నా అదృష్టం. కూరలో ఉప్పు తక్కువైతే కంచాన్ని గోడకేసి కొట్టేవాడట. ఎక్కువైతే వండినవాళ్లని గోడకేసి కొట్టేవాడట. ఆ దెబ్బలతోనే అత్తగారు మంచం పట్టి చనిపోయింది. అప్పటికి వదిన గౌన్లు తొడుక్కునే పిల్ల, మా ఆయన ఆవిడ చంకలో బిడ్డ. తండ్రి తాగి వస్తే ఏది చేతికందితే అది పగిలేది. గ్లాసులు, అద్దం, తమ్ముడి పలక. బొత్తాం ఊడిందని పిల్లవాడి బడి చొక్కాని పొయ్యిలో పెట్టేశాడట ఒకసారి. అందుకని వదిన ప్రతిదానికీ ఇంకోటి ఎలాగో సంపాదించి వంటింట్లో దాచేది. అక్కడ పిండి డబ్బా వెనక గోడలో ఇటుకలు ఊడిన బొరియ ఉంది. అందులో ఒక చిన్న కంచం, ఒక చొక్కా, ఒక పలక, మూత పెట్టిన ఇంత తిండి. తండ్రి కొట్టి కొట్టి అలిసిపోయి పడుకున్నాక తమ్ముణ్ని అక్కడికి తీసుకెళ్లి, నోరు మూసి ఏడవమని, తినిపించేది. ఆ చోటు వాళ్లిద్దరికే తెలుసు. మేమిప్పటికీ ఉంటున్నది ఆ ఇంట్లోనే.

ఒకరోజు బెల్టు తమ్ముడి వీపు మీదికి వస్తుంటే ఆవిడ అడ్డం వెళ్లింది. దాని ఇనుప బకిల్ ఎడమ చెవి మీద పడింది. ఆ చెవి ఇక వినపడలేదు. మాట్లాడాలంటే మేమందరం ఆవిడకి కుడివైపు నిలబడతాం. మా ఆయన కూడా అంతే, ఎంత కోపంలో ఉన్నా కుడివైపుకే వచ్చి అరిచేవాడు. అది చూసి వదిన మురిసిపోయేది. తమ్ముడికి తనంటే ప్రేమ అనడానికి ఆవిడ చెప్పే సాక్ష్యం అదే.

నా మీద మాత్రం ఆయన ఏ వైపు నుంచైనా చెయ్యి చేసుకునేవాడు. చొక్కా కనపడకపోతే చెంపదెబ్బ. కనపడిన చోట కనపడిందని ఇంకొకటి. ఒకసారి నా జుట్టు చేతికి చుట్టుకుని వాకిలి దాకా ఈడ్చాడు. ప్రతిసారీ వదిన మధ్యలోకి వచ్చి, తనూ ఇన్ని దెబ్బలు తిని, తర్వాత ఐసుముక్క గుడ్డలో చుట్టి నా మొహానికి ఒత్తేది. ఒత్తుతూ ఒకటే మాట. "వాడికి ముక్కు మీద కోపం. మనసు మంచిదే." ఆ మాటకి నాకు దెబ్బ కన్నా ఎక్కువ మండేది. మనసు ఎంత మంచిదైతే ఏం లాభం, అది పిడికిట్లో లేనప్పుడు! నిజం చెప్తున్నాను, ఆవిడ మీదున్నంత ప్రేమా, ఆవిడ మీదున్నంత కోపమూ నాకింకెవరి మీదా లేవు.

గోడౌన్ కంప్యూటర్‌తో కూడా ఆవిడది ఇదే వరస. రోజూ భోజనానికి లేచే ముందు రిస్టోర్ పాయింట్ అని ఒకటి పెడుతుంది. ఆ నిమిషానికి తన లోపల ఏమేం ఉన్నాయో కంప్యూటర్ ఒక గుర్తు పెట్టుకుంటుందన్నమాట. ఆ తర్వాత ఏదైనా చెడినా, చెరిగినా ఆ గుర్తులోంచి పాతది బయటికి తీసుకోవచ్చు. బాగానే ఉంది గానీ ఈ గుర్తులన్నీ సిస్టమ్ ఫైళ్ల కింద పేరుకుపోయి చోటు తినేస్తాయి. దానికి తోడు కెమెరాల రికార్డర్ పెట్టె కాలిపోతే, కొత్తది కొనడానికి చేతులు రాని ఓనరు కెమెరాలను తెచ్చి ఆ కంప్యూటర్‌కే తగిలించాడు. ఇక డిస్క్ ఎప్పుడు చూసినా నిండిపోయినట్టు ఎర్రగీత. నిండిన రోజున రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంది, ఓనరు ఒంటికాలి మీద లేస్తాడు, వదిన ఏవో కొన్ని తీసేసి ఆ పూటకి గండం గట్టెక్కిస్తుంది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున గోడౌన్‌లో మూటల వరస కూలింది. దాని కింద ఒక హమాలీ పడ్డాడు. వయసు మళ్లినవాడు, పని చేస్తూనే తనలో తాను ఏదో ఒకటి సణుగుతూ ఉంటాడు కాబట్టి అందరూ ఆయన్ని గొణుగుడు అంటారు. మూటలు లాగి చూసేసరికి తల చిట్లి, చెవిలోంచి నెత్తురు కారుతోంది. వదిన అద్దాల గదిలో ప్రింటర్ మోతలో, ఎడమ చెవి తలుపు వైపు పెట్టుకుని కూర్చుని ఉంది. జనం పరిగెత్తేదాకా ఆవిడకి తెలియనే లేదు. మా ఆయన చొక్కా నిండా నెత్తురు. "నేనే బయటికి లాగాను," అన్నాడు రొప్పుతూ.

అంతటితో ఆగలేదు. ఆ వరస వెనక మూటలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతున్న డ్రైవరు దగ్గరికి వెళ్లి కాలరు పట్టుకుని కిందికి లాగాడు. "నువ్వే గుద్దావురా వరసని!" అని మొహం మీద గుద్దాడు. మేస్త్రి మొదలుపెట్టాక మిగతా హమాలీలు ఊరుకుంటారా? రేపు ఎవరికి పని ఉంటుందో, ఎవరికి ఉండదో చెప్పేది మేస్త్రే. తలో దెబ్బ వేశారు. డ్రైవరు ముందరి పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. ఆయన నోరు తెరిచి మాట్లాడేలోపే పోలీసులు వచ్చి ఎక్కించుకుపోయారు.

ఆ డ్రైవరుని గోడౌన్‌లో నత్త అంటారు. ఆయన బండికి అడ్డంగా పిల్లి పడుకుని ఉంటే, అది లేచి ఒళ్లు విరుచుకుని, మూతి కడుక్కుని వెళ్లేంత వ్యవధి ఉంటుంది. అలాంటి మనిషి వరసని గుద్ది కూల్చాడంటే నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

మధ్యాహ్నం భోజనం వేళకి వదిన గదిలోకి తిరిగొచ్చింది. బుర్ర పనిచెయ్యనప్పుడు మనిషి అలవాటైన పనే చేస్తుంది. రోజూ చేసినట్టే రిస్టోర్ పాయింట్ పెట్టి, గొణుగుడు భార్యని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. సాయంత్రం పోలీసులు కెమెరా రికార్డు అడిగారు. తీరా చూస్తే వరస కూలిన వేళది మాత్రం లేదు. "డిస్క్ నిండిపోయి ఆగినట్టుందండి. చోటు ఖాళీ చెయ్యకపోవడం నా తప్పే," అని తలొంచుకుని చెప్పింది వదిన. ఓనరు పళ్లు నూరాడు. అలా ఆగిపోవడం అందరికీ అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు నత్త భార్య మా ఇంటికి వచ్చింది. తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. "ఒప్పుకోమని కొడుతున్నారమ్మా ఆయన్ని. అరికాళ్ల మీద కొడుతున్నారు. ఆ కెమెరా ఒక్కటి నడిచుంటే..." అని తలుపు చెక్కకేసి తల బాదుకుంది. నేను పట్టుకునేలోపే నుదురు చిట్లింది. వదిన ఆవిడ నెత్తురు తన కొంగుతో తుడిచింది. గొణుగుడుకి స్పృహ లేదు, వస్తుందో రాదో డాక్టర్లకే తెలియదు. నత్త ఆ పని చెయ్యలేదని చెప్పగలిగేది ఆ రికార్డు ఒక్కటే, అది తన బద్ధకం వల్లే పోయిందని వదిన కుమిలిపోయింది. రెండు పూటలు అన్నం ముట్టలేదు.

మా ఆయన మాత్రం కడుపునిండా తింటూ కొత్త పాట ఎత్తుకున్నాడు. "అక్కా, కంప్యూటర్‌లో సిస్టమ్ ఫైళ్లు తీసేశావా?" పొద్దున అదే, సాయంత్రం అదే. కెమెరాల మెకానిక్ వచ్చి వెళ్లినప్పటి నుంచీ చెవిలో జోరీగలా తయారయ్యాడు. "పాతవన్నీ దాని కడుపులోనే దాక్కుంటాయంట, ఆ రిస్టోర్ పాయింట్లు మొత్తం పీకేస్తే సగం డిస్క్ ఖాళీ అవుతుందంట. మెకానిక్ చెప్పాడు. పీకెయ్యి." తన చొక్కా ఎక్కడుందో తనకి తెలియని మనిషికి సిస్టమ్ ఫైళ్ల మీద ఇంత బెంగేమిటా అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. నాకు నోరు ఆగదు. అన్నం దగ్గర "నత్త గుద్దాడంటే నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు," అన్నాను. ఆయన చేతిలోని స్టీలు గ్లాసు నా కంటి మీదికి వచ్చింది. తర్వాత పిడికిలి వచ్చింది. తర్వాత కాలు. వదిన వచ్చి మీద పడేదాకా ఆగలేదు.

మర్నాడు గోడౌన్‌కి సెలవు. కంప్యూటర్‌లో చోటు ఖాళీ చెయ్యడానికి సెలవు రోజే మంచిదని వదిన తాళంచెవి తీసుకుని బయల్దేరింది. వాచిన కంటితో నన్ను ఆయన దగ్గర వదలడం ఇష్టంలేక వెంట రమ్మంది.

ఖాళీ గోడౌన్ ఎంత పెద్దదో అప్పుడే చూశాను. గొణుగుడు పడ్డ చోట ఎవరో ఇసక చల్లారు. ఇసక కింద ఇంకా నల్లగానే ఉంది. వదిన అటు చూడకుండా గదిలోకి వెళ్లి ముందు కెమెరాలు ఆపేసింది. "ఇవి నడుస్తూ ఉంటే కొత్త రికార్డింగ్ వచ్చి పడుతూనే ఉంటుంది, పాత గుర్తులు వాటంతటవే రాలిపోతుంటాయి. లెక్క తేలదు," అంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని మంచి కంటితో చూస్తున్నాను.

మొదట పనికిరాని తాత్కాలిక ఫైళ్లు తీసింది. తర్వాత పాత అప్‌డేట్ తాలూకు ఫోల్డర్. తర్వాత కంప్యూటర్ నిద్రపోయేటప్పుడు వాడుకునే ఫైలు ఒకటి ఉందట, అదీ తీసింది. ఎర్రగీత కొంచెం పొట్టిదయింది గానీ ఎర్రగానే ఉంది. "ఇక మిగిలినవి నా రిస్టోర్ పాయింట్లే. వీటిదే సింహభాగం," అంది.

"తీసెయ్యి మరి. ఆ పాటైనా ఆగుతుంది ఇంట్లో," అన్నాను.

"ఉతికే ముందు జేబులు చూసుకోవద్దూ?" అంది వదిన.

అది ఆవిడ అలవాటు. ఏదీ చూడకుండా పారెయ్యదు. కెమెరా ఫోల్డర్ మీద మౌస్ కుడి బటన్ నొక్కింది. ఆ ఫోల్డర్ ఇదివరకు ఎలా ఉండేదో చూపించే చోటు ఒకటుంది, అది తెరిచింది. వరస కూలిన రోజు మధ్యాహ్నం పెట్టిన గుర్తు ఇంకా ఉంది. దాని లోపలికి వెళ్లింది. పక్కపక్కన పెట్టి చూసింది. ఇప్పటి ఫోల్డర్‌లో లేని ముక్క ఒకటి పాతదాంట్లో ఉంది.

వదిన మొహం వెలిగిపోయింది. "రికార్డయింది పిల్లా! ఆగలేదు! ఆగలేదే!" నా భుజం పట్టుకుని ఊపేసింది. పాపం, ఆవిడకి ముందు వచ్చింది సంతోషమే. నత్త బయటికొస్తాడు, తన తప్పు లేదు, అంతే తోచింది. ఆగకపోతే మరి ఆ ముక్క ఇక్కడ ఎందుకు లేదు అన్న ఆలోచన ఒక నిమిషం ఆలస్యంగా వచ్చింది. మొహం అలాగే ఉండిపోయి, వెలుగు మాత్రం పోయింది. తను ఆసుపత్రికి వెళ్లాక ఎవరో తీసేశారు. ఆ కంప్యూటర్ తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఆవిడ పాస్‌వర్డ్ తమ్ముడి ముద్దుపేరు.

"చూడకు వదినా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆవిడ నొక్కేసింది.

బొమ్మకి శబ్దం లేదు. గొణుగుడు మూట దించి వరస వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అంటున్నాడు. వరస వంకరగా ఉందని అయ్యుంటుంది, నిజంగానే వంకరగా ఉంది. మా ఆయన వెనక్కి తిరిగాడు. చేతిలో మూటలు లాగే ఇనుప కొక్కెం. దాని కర్రపిడితో ముసలాయన తల మీద ఒక్కటి వేశాడు. ఆయన మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఆ చేతుల మీద మళ్లీ వేశాడు. మళ్లీ. చేతులు జారిపోయాక కూడా వేశాడు. చివరికి ఆగి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోవడంతో పక్క వరసలో ఒక మూటకి కొక్కెం తగిలించి మీదికి లాగాడు. వరసంతా ఆయన మీద పడింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి నత్త బండి వరస అవతలి నుంచి మెల్లగా, ఎప్పట్లాగే మెల్లగా, రావడం కనిపించింది. మా ఆయన తలెత్తి కెమెరా వైపు చూశాడు. తిన్నగా మావైపే చూసినట్టుంది.

వదిన నా వైపు తిరిగి, నా వాచిన కన్ను, చిట్లిన పెదవి, మెడ మీద గోళ్ల గీతలు ఒక్కొక్కటే చూసింది. ముక్కు మీద కోపం అంటుందేమోనని ఎదురు చూశాను. అంటే ఆ కీబోర్డు ఎత్తి ఆవిడ నెత్తినే కొట్టేదాన్ని, అంత మండిపోతున్నాను. ఆవిడ చెత్తబుట్ట దగ్గరికి లాక్కుని వాంతి చేసుకుంది.

తర్వాత మూతి కడుక్కొచ్చి ఆ ముక్కని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నా చేతిలో పెట్టింది. "జాకెట్లో దాచు. నిద్రలో కూడా తియ్యకు." సొరుగులోంచి పాడైపోయిన ఇంకో పెన్‌డ్రైవ్ తీసి తన కొంగున కట్టుకుంది. మిగతా రిస్టోర్ పాయింట్ల జోలికి పోలేదు. ఎర్రగీతని అలాగే వదిలేసి, కెమెరాలు మళ్లీ పెట్టకుండా కంప్యూటర్ ఆపేసింది.

"తిన్నగా స్టేషన్‌కి పోదాం పద," అన్నాను.

"ఒక్క రోజు ఇవ్వు పిల్లా. వాడంతట వాడే వచ్చి ఒప్పుకోవాలి."

"నత్త అరికాళ్లకి ఆ ఒక్క రోజూ ఎవరిస్తారు?"

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "చంకలో పెట్టుకుని పెంచానే. ఒక్క రోజు." నా ఒళ్లు మండిపోయింది, అయినా సరేనన్నాను. ఆ పాడైపోయిన డ్రైవ్ ఎందుకని అడిగితే, "బొరియలో పెడతాను. వాడికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియని చోటు. మాట నిలబెట్టుకునేవాడైతే దాని దగ్గరికి వెళ్లడు," అంది.

ఇంటికి రాగానే ఆవిడ ముందు వంటింట్లోకి వెళ్లొచ్చింది. తర్వాత తమ్ముడి ఎదురుగా కూర్చుంది. "చిన్నోడా, పాత రికార్డు దొరికింది. మొత్తం చూశాను. ఇంకోటి తీసి దాచాను."

ఆయన మొదట నవ్వాడు. తర్వాత బల్ల మీది పళ్లెం విసిరాడు. తర్వాత మెకానిక్‌నీ, నత్తనీ, నన్నూ బండబూతులు తిట్టాడు. వదిన చెక్కుచెదరలేదు. "రేపు పొద్దున్నే మనిద్దరం స్టేషన్‌కి వెళ్దాం. నీ నోటితో నువ్వే చెప్పు. నేను పక్కనే నిలబడతాను," అంది. అప్పుడు ఆ మనిషి అక్క కాళ్లు పట్టుకుని భోరున ఏడ్చాడు. కుడివైపుకి జరిగి మరీ ఏడ్చాడు. "చేతికి ఏమైపోయిందో తెలీదక్కా. నాన్న పూనినట్టయింది. వస్తానక్కా, ఒప్పుకుంటాను." ఒక్క క్షణం నాకు కూడా జాలేసింది, అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వదిన ఆయన తల నిమిరింది.

పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లి తలుపేసుకుంది. నీళ్లు పడుతున్న చప్పుడు మొదలవగానే ఆయన లేచాడు. నేను వాకిట్లో పెనం తోముతున్నాను. వంటింటి గుమ్మంలోంచి కనపడుతూనే ఉంది. బీరువా వెతకలేదు. పరుపు ఎత్తలేదు. వదిన సంచి వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా వెళ్లి పిండి డబ్బా పక్కకి తోశాడు. అది బోర్లాపడి పిండంతా నేలపాలైంది. బొరియలో చెయ్యి పెట్టి, దొరికినదాన్ని గచ్చు మీద పెట్టి, పనికి తీసుకెళ్లే కొక్కెం తిరగేసి పిడితో కొట్టాడు. పొడిపొడి అయ్యేదాకా, ముసలాయన్ని కొట్టినట్టే కొట్టాడు.

వదిన తడి జుట్టుతో బయటికొచ్చి ఆ తెల్లటి నేల చూసి ఆగిపోయింది. ఆయన గుమ్మం పక్కన ఉన్నాడు. ఆవిడకి ఎడమవైపున. "ఇంకెక్కడ దాచావే? ఇంకోటి ఎక్కడ?" అని అరిచాడు. ఆవిడకి వినపడలేదు. నేను "వదినా!" అని కేకేశాను. ఆవిడ తిరుగుతూనే అలవాటుగా చెయ్యి తలకి అడ్డం పెట్టుకుంది. కొక్కెం పిడి ఆ చేతి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వాకిలి దాకా వినపడింది. రెండో దెబ్బకి చెయ్యెత్తాడు.

ఆ దెబ్బ పడలేదు. నా చేతిలో ఇనుప పెనం ఉంది. మోకాలి మీద ఒకటి కొట్టాను, కిందపడ్డాడు. కొక్కెం పట్టుకున్న మోచేతి మీద ఇంకోటి. భుజం మీద ఇంకోటి. పెళ్లయినప్పటి నుంచీ తిన్నవన్నీ ఒక్కసారి చేతుల్లోకి వచ్చాయి. ఎంత సుఖంగా ఉందో చెప్తే మీరు నన్ను మనిషి కాదంటారు. తలకి గురిపెట్టి ఎత్తాను. "చాలు పిల్లా. మనం వాళ్లలాంటి వాళ్లం కాదు," అంది వదిన. పెనం కింద పడేశాను.

ఆవిడ విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పిండిలోనే కూర్చుంది. ఆయన ఒంటినిండా పిండి, మూలుగుతున్నాడు. "నువ్వు పగలగొట్టిందాంట్లో ఏమీ లేదురా. అది ఎప్పుడో పాడైపోయింది. అసలుది వేరే చోట ఉంది," అని చెప్పింది మెల్లగా. "నువ్వు ఆ బొరియలో చెయ్యి పెట్టకూడదని రాత్రంతా దండాలు పెట్టుకుంటూ కూర్చున్నాను."

బయటికొచ్చి తలుపుకి తాళం వేశాం. ఇంటి తాళం లోపలే ఉండిపోయింది. వేసింది వదిన సంచిలో ఎప్పుడూ ఉండే ఇంకో తాళం. విరిగిన చేతిని తువ్వాలుతో మెడకి కట్టాను. ఆసుపత్రికి ముందు పోదామన్నాను. "స్టేషన్‌కి నిన్ననే వెళ్లాల్సింది. నువ్వు చెప్పావు," అంది. స్టేషన్ దాకా నడిచాం. పోలీసులు ఆ ముక్కని ముందు పెన్‌డ్రైవ్‌లో చూసి, తర్వాత గోడౌన్‌కి వచ్చి కంప్యూటర్‌లోనే ఆవిడ ఎడమచేత్తో తెరిచి చూపిస్తే చూశారు. చూస్తున్నంతసేపూ ఆవిడ తల తిప్పుకోలేదు.

నత్త బయటికి వచ్చాడు. అరికాళ్లు బాగుపడటానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు బండి ఇంకా మెల్లగా నడుపుతాడు, మా వదిన కనపడితే ఆపి పళ్లు లేని నోటితో నవ్వుతాడు. ముసలాయనకి స్పృహ వచ్చింది గానీ మాట పోయింది. ఇప్పుడాయన గొణగడు. పేరు మాత్రం అదే ఉండిపోయింది. ఓనరు కెమెరాలకి వేరే పెట్టె కొన్నాడు. వదిన రోజూ భోజనానికి లేచే ముందు ఇప్పటికీ రిస్టోర్ పాయింట్ పెడుతూనే ఉంది. మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. మౌస్ ఎడమచేత్తో పట్టుకుంటుంది.

మా ఆయనకి శిక్ష పడింది. నేను చూడ్డానికి వెళ్లను. ఈ జన్మకి వెళ్లను. వదిన మాత్రం నెల తప్పకుండా వెళ్తుంది. ఒక్కతే పోతే తిరిగొచ్చేటప్పుడు రోడ్డు దాటడం మర్చిపోతుందని జైలు గేటు దాకా నేను తోడు వెళ్తాను. మొన్న వాన వస్తుంటే నన్ను కూడా లోపలికి రానిచ్చారు. గోడకి ఆనుకుని దూరంగా నిలబడ్డాను.

ఇనుప జాలీకి అవతల ఆయన, ఇవతల వదిన. చిక్కిపోయాడు. గోళ్లు కొరుక్కుంటూ అడిగాడు. "ఎవడికీ అనుమానం రాలేదు కదక్కా. నేను తీసేశాను కదా, అయిపోయింది కదా. ఇంకోటి ఎందుకు దాచావు?"

వదిన వంకర చెయ్యి జాలీకి ఆనించింది.

"దాచడం నీ కోసమే నేర్చుకున్నానురా చిన్నోడా," అంది.